ఫౌజీ కాక జవాబులు: “నాలాంటోనికి ఫౌజు పనికొస్తదా?”

పోయిన నెల ఈ పేజీలో ఒక తమ్ముడు ఒకే లైన్‌లో ప్రశ్న అడిగాడు. గే అయితే ఆర్మీలో తీసుకుంటారా అని. నేను రెండు లైన్లలో జవాబిచ్చాను: “చేరడానికి అడ్డు లేదు, చేరాక రక్షణ లేదు. ఆ చట్టం మారాలి.” అంత పెద్ద సంగతిని రెండు లైన్లతో సరిపెట్టడం నా తప్పే. ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) మీద రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. కొందరు తిట్టారు. కొందరు పేరు రాయకుండా గోడు చెప్పుకున్నారు. అందుకే క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం), పెన్షన్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు జరిపాను. ఈ నెల ఈ ముచ్చట ఒక్కటే.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నా గురించి ఒక మాట. మాది వర్ధన్నపేట దగ్గరి పల్లె. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదార్‌గా రిటైర్ అయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను.

*

ప్రశ్న: కాకా, నాకు 19 ఏండ్లు. మాది పరకాల దగ్గర. హనుమకొండలో ముగ్గురు దోస్తులతో రూం తీసుకొని జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నా. 1600 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో కొడుతున్నా. పుల్లప్స్ పదీ పడుతున్నయి. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఆడపిల్లల మీద మనసు పోదు. ఈ సంగతి ఇంట్లో తెల్వదు, రూంల తెల్వదు. మీకే మొదటిసారి రాస్తున్నా. మెడికల్‌లో దొరికిపోతనా? అసలు నాలాంటోనికి ఫౌజు పనికొస్తదా? అగ్నివీర్‌లో పోకపోతే మా బాపుకు ఏం చెప్పాలె?
(పేరు వద్దన్నారు)

జవాబు: బిడ్డా, నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నువ్వు ఎంత టెన్షన్‌లో ఉన్నావో కనిపించింది. రెండోసారి చదివితే 5 నిమిషాల 20 సెకన్ల టైమింగ్ కనిపించింది. మొదటి గ్రూపుకు ఐదున్నర నిమిషాల్లో వస్తే చాలు. ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

మెడికల్ సంగతి. రిక్రూట్‌మెంట్ మెడికల్స్‌లో డాక్టర్ పక్కన నిలబడి కొన్ని వందల మంది పిల్లల్ని చూశాను. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయా, పాదం చదునుగా ఉందా, కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం, పళ్ళు, ఛాతీ, బీపీ, హెర్నియా చూస్తారు. ఎక్కువ మంది పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తెలుసా? చెవిలో గుబిలి. ర్యాలీకి ముందే చెవులు శుభ్రం చేయించుకో. నీ మనసు ఎవరి మీదికి పోతుందో చెప్పే పరీక్ష లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2018లో మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా ఇదే మాట చెప్పింది. ఆ ప్రశ్న అడగడం నా సర్వీసులో ఏ మెడికల్‌లోనూ చూడలేదు.

ఇప్పుడు చట్టం. ఇక్కడ నీకు తీపి మాటలు చెప్పలేను.

బ్రిటిష్ వాళ్ళు 1860లో రాసిన శిక్షాస్మృతిలో 377 అని ఒక సెక్షన్ ఉండేది. ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి కలిసినా నేరమే. ఢిల్లీ హైకోర్టు 2009లో అది చెల్లదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ళ విషయంలో అది నేరం కాదని తేల్చింది. ఆ రోజు నుంచి పరకాలలో అయినా ఢిల్లీలో అయినా నువ్వు నేరస్థుడివి కావు.

యూనిఫాం వేసుకున్నాక మాత్రం వేరే పుస్తకం తెరుచుకుంటుంది. రాజ్యాంగంలో 33వ అధికరణం ఉంది. సైన్యంలో ఉన్నవాళ్ళకు ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో పార్లమెంటు నిర్ణయించవచ్చని అది చెబుతుంది. దాని నీడలో 1950 నాటి ఆర్మీ యాక్ట్ నడుస్తోంది. అందులో 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన, ప్రకృతి విరుద్ధమైన సిగ్గుమాలిన ప్రవర్తనకు ఏడేళ్ళ దాకా జైలు అంటుంది. ఆ ‘ప్రకృతి విరుద్ధం’ అనే మాటలోనే నీలాంటి పిల్లలు ఇరుక్కుపోతున్నారు. బీఎస్‌ఎఫ్ చట్టంలోనూ అలాంటి మాటే ఉంది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ విలేకరుల ముందు ఆర్మీలో ఇది ఒప్పుకోబోమని, ఆర్మీ యాక్ట్ ప్రకారమే చూస్తామని చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ మాట మాత్రం తప్పని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

ఒక తేడా గమనించు. ఆ సెక్షన్ మనిషి చేసిన పని గురించి మాట్లాడుతుంది. నువ్వు ఇలాంటివాడివి అన్న ఒక్క కారణంతో శిక్ష అని ఎక్కడా రాసి లేదు. కానీ రాసి ఉన్నదాన్ని చదివేది నీ పైఆఫీసర్. అక్కడే భయం.

కాబట్టి నేనేమంటానంటే, పోవాలనుంటే పో. నీ గురించి ఎవరికీ చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు. యూనిట్‌లో ఎవరితోనూ ఆ సంబంధం పెట్టుకోకు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, నీ ఉద్యోగం కోసం చెబుతున్నా. ఫోన్ జాగ్రత్త. తెలియని మనిషి చాటింగ్‌లో తీయగా మాట్లాడి తర్వాత ఫోటోలు చూపించి బెదిరించడం ఇప్పుడు ఎక్కువైంది. ఆడపిల్లల పేరుతో జవాన్లకు వల వేసేవాళ్ళు నీలాంటి పిల్లల్ని ఇంకా తేలిగ్గా పట్టుకుంటారు, నువ్వు పోయి ఎవరికీ చెప్పుకోలేవని వాళ్ళకు తెలుసు. గే జవాన్లను శత్రువు బ్లాక్‌మెయిల్ చేస్తాడు, అందుకే వద్దు అని కొందరు వాదిస్తారు కదా. ఆ బ్లాక్‌మెయిల్‌కు బలం ఇస్తున్నదే ఈ శిక్ష.

అగ్నివీర్‌లో నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుకుంటారని నీకు తెలుసు. ఆ నాలుగేళ్ళు లోపల ఎవరితోనూ మాట్లాడలేక నలిగిపోతానని నీకు అనిపిస్తే, పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు కూడా చదువు. అది ఆర్మీ యాక్ట్ కిందికి రాదు. 5:20లో పరుగెత్తేవాడు అక్కడ కూడా ముందే ఉంటాడు. బాపుకు ఇప్పుడే అంతా చెప్పాల్సిన పని లేదు. రెండు ఉద్యోగాలకు తయారవుతున్నానని చెప్పు, అది నిజమే కదా. సంగతి తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి నీకు. ప్రస్తుతానికి నేనున్నాను.

నాలాంటోనికి ఫౌజు పనికొస్తదా అని అడిగావు. నీలాంటివాడు ఫౌజుకు ఎంత పనికొచ్చాడో కింది జవాబులో రాశాను, చదువు.

*

ప్రశ్న: సుబేదార్ సాబ్, నేను ఇన్‌ఫాంట్రీలో హవల్దార్‌గా 19 ఏండ్లు చేసి వచ్చిన. మాది హుజూరాబాద్. పోయిన నెల మీ జవాబు చదివి బాధనిపించింది. మీకు తెల్వదా సాబ్, ఒక బారక్‌లో ముప్పై మంచాలు, ఒకటే స్నానాల కొట్టం. పైన పోస్టుల మీద చలికి ఇద్దరం ఒకే చోట ముడుచుకొని పడుకున్నం. అసొంటి చోట ఇది ఎట్ల కుదురుతది? సీనియర్లు కొత్త పిల్లల్ని ఇబ్బంది పెడితే? డిసిప్లిన్ ఏం గావాలె? మీ అసొంటి పెద్దమనిషి ఇట్ల రాయొద్దు.
(మాజీ హవల్దార్, హుజూరాబాద్)

జవాబు: హవల్దార్ సాబ్, మీ ఉత్తరం తిట్టు కాదు, నిజమైన దిగులు. మీరు చెప్పిన బారక్‌లోనే నేనూ బతికాను. కాబట్టి నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా.

ఆ యూనిట్ పేరు, ఊరు రాయను. ఒక నాయక్ (హవల్దార్ కన్నా ఒక మెట్టు కింది ర్యాంకు) ఉండేవాడు. ఉత్తరాది పిల్లవాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. చాలా ఎత్తులో ఉన్న ఒక పోస్టులో మేమిద్దరం ఒక చలికాలం కలిసి ఉన్నాం. మీరు రాసినట్టే రాత్రిళ్ళు ఒకరి వీపుకు ఒకరు ఆనుకొని పడుకునేవాళ్ళం. ఒక రోజు తెల్లవారుజామున ఒక జవాన్‌కు రెండు కాళ్ళ వేళ్ళు నల్లబడ్డాయి. మంచు పట్టేసింది. మబ్బు కమ్ముకోవడంతో హెలికాప్టర్ రాలేదు. స్ట్రెచర్ మీద కిందికి దింపాలి. ముందు కర్ర పట్టుకున్నది ఆ నాయక్. మిగతావాళ్ళం ఒకరి తర్వాత ఒకరం మారాం. అతను మాత్రం మారలేదు. దారి తనకే బాగా తెలుసని చెప్పి కింది పోస్టు వచ్చే దాకా ఆ కర్ర వదల్లేదు. ఆ జవాన్ కాళ్ళు దక్కాయి, రెండు వేళ్ళు తప్ప.

తర్వాత మేము పీస్ స్టేషన్‌కు (సరిహద్దుకు దూరంగా ఉండే స్థావరానికి) వచ్చాం. ఒక రోజు కిట్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ నాయక్ ట్రంకు పెట్టె అడుగున ఒక ఉత్తరం దొరికింది. వాళ్ళ ఊళ్ళో ఒక స్కూలు మాస్టారుకు రాసిన ఉత్తరం. పోస్ట్ చెయ్యలేదు. ప్రేమ ఉత్తరం. అంతే సాబ్. యూనిట్‌లో ఎవరితోనూ ఏమీ లేదు, ఎవరి మీదా చెయ్యి పడలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ ఉత్తరాన్ని లంగర్‌లో (జవాన్లు భోజనం చేసే చోట) బిగ్గరగా చదివారు. మూడు రోజుల తర్వాత అతన్ని ఆఫీసర్ ముందుకు మార్చ్ అప్ చేశారు.

అంతకు ముందు రోజు సాయంత్రం అతను ఎంఐ రూంకు (యూనిట్‌లో వైద్యం చేసే గదికి) వచ్చాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. కూర్చోబెట్టాను, చాయ్ ఇచ్చాను. రేపు నిన్ను పిలుస్తారు, ఒక చలికాలమంతా నా పక్కన పడుకున్నావు, నేనెట్లాంటోన్నో నువ్వే చెప్పు అన్నాడు. చెబుతాననే అన్నాను.

మర్నాడు నన్ను పిలిచారు. నాకప్పుడు ప్రమోషన్ కేడర్ కోర్సు పేరు వచ్చి ఉంది. ‘నాకేం తెలియదు సాబ్’ అన్నాను. ఇన్నేళ్ళయినా ఆ నాలుగు ముక్కలు నా నోట్లోంచి పోలేదు.

కోర్ట్ మార్షల్ చెయ్యలేదు. కేసు పెట్టడానికి ఏమీ లేదు మరి. ‘సేవలు ఇక అవసరం లేదు’ అని ఇంటికి పంపారు. 13 ఏళ్ళ సర్వీసు. మీకు తెలుసు, జవాన్‌కు 15 నిండితేనే పెన్షన్. పోయే ముందు రిలీజ్ మెడికల్ చేయాలి కదా. ఎత్తు, బరువు, నాడి, బీపీ, కళ్ళు, చెవులు, అన్నీ నేనే చూసి ఫారం నింపాను. మెడికల్ కేటగిరీ దగ్గర షేప్-వన్ అని నా చేత్తోనే రాశాను. ఒంటికీ మనసుకూ ఏ లోపమూ లేదని దాని అర్థం. డాక్టర్ సాబ్ సంతకం పెట్టారు. అతను నా వైపు చూడలేదు. ట్రంకు భుజాన పెట్టుకొని గేటు దాటాడు.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను. ఒకే చోట ముడుచుకొని పడుకున్న రాత్రుల్లో అతను నాకు ఏమీ చెయ్యలేదు. నేను ఏ ఆడమనిషిని చూసినా మీద పడనట్టే అతనూ పడలేదు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

సీనియర్లు కొత్త పిల్లల్ని ఇబ్బంది పెట్టడం గురించి మీరు చెప్పింది మాత్రం నిజం, దాని గురించి మనం మాట్లాడుకోం. ఎంఐ రూంలో నా ముందు ఏడ్చిన కొత్త పిల్లలు ఇద్దరు నాకు గుర్తున్నారు. ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది పెళ్ళాం పిల్లలు ఉన్నవాళ్ళే. వాళ్ళు దాన్ని ప్రేమ అనుకోలేదు, రోడ్డు మీద ఆడపిల్లను ఏడిపించేవాడి లెక్కనే పెత్తనం అనుకున్నారు. ఫిర్యాదు రాయమని ఆ పిల్లలకు చెప్పాను. ఇద్దరూ వద్దన్నారు. ఒకడు ఏమన్నాడో చెబుతాను: రాస్తే నన్నే అట్లాంటోడు అంటారు, నా ఉద్యోగమే పోతుంది. చూశారా సాబ్? ఇష్టంతో ప్రేమించేవాణ్ణీ, బలవంతం చేసేవాణ్ణీ ఒకే సెక్షన్ కింద ఒకే సిగ్గుతో కట్టేస్తే, బలవంతం చేసేవాడు ఆ సిగ్గు చాటునే దాక్కుంటాడు. బలైన పిల్లవాడే నోరు మూసుకుంటాడు.

పైగా 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 377 మొత్తానికే లేదు. దాంతో మగవాణ్ణి మగవాడు బలవంతం చేస్తే శిక్షించే సెక్షన్ కూడా పోయింది. కాబట్టి ఆర్మీ యాక్ట్‌లో బలవంతానికీ, ర్యాంకు చూపించి లొంగదీసుకోవడానికీ గట్టి శిక్ష ఉండాల్సిందే. ఇప్పుడున్న ఏడేళ్ళు చాలకపోతే పెంచండి. ఇద్దరు ఇష్టపడ్డ మనుషుల సంగతిని, అదీ లీవులో ఊరికి పోయినప్పటి సంగతిని, పోస్ట్ చెయ్యని ఉత్తరాన్ని అందులోంచి తీసేయండి. నేను అడిగేది ఇంతే. మీరు 19 ఏళ్ళు కాపాడిన డిసిప్లిన్‌కు ఇందులో ఏ నష్టం ఉందో మళ్ళీ రాయండి. మీ ఉత్తరాన్ని ఒక్క ముక్క తీయకుండా వేయిస్తాను.

*

ప్రశ్న: సార్, నేను హనుమకొండలో డిగ్రీ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. వేరే దేశాల సైన్యాల్లో ఈ చర్చ ఎలా నడిచింది? మన దేశంలో రాజకీయ నాయకులు ఎందుకు మాట్లాడరు?
(డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: తల్లీ, అమెరికా దగ్గర మొదలుపెడతాను. అక్కడ లియోనార్డ్ మాట్లోవిచ్ అని ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ ఉండేవాడు. వియత్నాం యుద్ధంలో గాయపడ్డాడు, పతకాలు వచ్చాయి. 1975లో నేను గేనని తనే పైఆఫీసర్‌కు ఉత్తరం రాసిచ్చాడు. తీసేశారు. 1988లో చనిపోయాడు. సమాధి రాయి మీద తన పేరు బదులు ఒక మాట చెక్కించుకున్నాడు: ఇద్దరు మగవాళ్ళను చంపినందుకు సైన్యం నాకు పతకం ఇచ్చింది, ఒకణ్ణి ప్రేమించినందుకు ఇంటికి పంపింది. అది మొదటిసారి చదివిన రోజు నేను ఎంఐ రూంలో నింపిన ఆ ఫారమే కళ్ళ ముందు కనిపించింది.

1992 ఎన్నికల్లో బిల్ క్లింటన్ ఈ నిషేధం ఎత్తేస్తానన్నాడు. గెలిచాక సైన్యాధికారులు, పార్లమెంటు సభ్యులు అడ్డం తిరిగారు. కోలిన్ పావెల్ అప్పుడు అక్కడి సైన్యాలన్నిటికీ పెద్ద. ఆయనా వద్దన్నాడు. చివరికి 1993లో ఒక మధ్యేమార్గం తెచ్చారు. ‘అడగొద్దు, చెప్పొద్దు’ అని దాన్ని పిలిచేవారు. అధికారి అడగకూడదు, జవాన్ చెప్పకూడదు. వినడానికి మంచిగా ఉంది కదా? ఆ పద్ధతి కింద 13 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు నడుస్తుండగా అరబ్బీ వచ్చిన అనువాదకుల్ని పదుల సంఖ్యలో ఇంటికి పంపారు. నేను పైన ఆ పిల్లవాడికి ‘ఎవరికీ చెప్పకు’ అని సలహా ఇచ్చాను. అది అతను బతకడానికి ఇచ్చిన సలహా. దాన్నే ప్రభుత్వం చట్టంగా పెడితే ఏమవుతుందో అమెరికా 17 ఏళ్ళు చూసింది.

2010లో వాళ్ళ రక్షణ శాఖ జవాన్లనే అడిగింది. లక్షా పదిహేను వేల మంది జవాబిచ్చారు. నిషేధం ఎత్తేస్తే నష్టమేమీ లేదనో, మంచీ చెడూ సమానమనో, మంచే జరుగుతుందనో చెప్పినవాళ్ళు నూటికి 70 మంది. గే తోటి జవాన్‌తో ఇదివరకే పనిచేసినవాళ్ళలో అయితే నూటికి 92 మంది, మా యూనిట్ కలిసి పనిచేయడం బాగుందనో, మంచీ చెడూ కాదనో అన్నారు. ఆ ఏడాదే కోలిన్ పావెల్ తన పాత మాట మార్చుకున్నాడు. ఒబామా 2010 డిసెంబరు 22న సంతకం చేశాడు, 2011 సెప్టెంబరు 20 నుంచి నిషేధం పోయింది. అక్కడి సైన్యం కూలిపోలేదు. గొడవ మాత్రం పూర్తిగా ఆగలేదు. 2025లో అధ్యక్షుడు ట్రంప్ ట్రాన్స్‌జెండర్ వాళ్ళను సైన్యం నుంచి పక్కన పెట్టే ఆదేశం ఇచ్చాడు.

మనకు ఎక్కువ పనికొచ్చేది బ్రిటన్ కథ అని నా నమ్మకం, ఎందుకంటే మన ఆర్మీ యాక్ట్ భాష అక్కడి నుంచి వచ్చిందే. అక్కడ తీసేసిన నలుగురు యూరప్ మానవ హక్కుల కోర్టుకు పోయి 1999 సెప్టెంబరులో గెలిచారు. 2000 జనవరి 12న నిషేధం పోయింది. 2023లో ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. మరుసటి ఏడాది డిసెంబరులో, ఆ కారణంతో తీసేసినవాళ్ళకు తలా 50 వేల పౌండ్లు ఇస్తామన్నారు. మనకు ఈ భాష నేర్పినవాళ్ళు దాన్ని చించేసి, తప్పయిందని డబ్బులు కూడా కట్టారు. మనం మాత్రం ఆ కాగితాన్ని మన సంస్కృతి అనుకొని దాచుకున్నాం.

మన నాయకులు ఎందుకు మాట్లాడరంటే, సైన్యం పేరెత్తితే దేశభక్తి మీద అనుమానం వస్తుందని భయం. గే అనే మాట ఎత్తితే ఊళ్ళో ఓట్లు పోతాయని ఇంకో భయం. రెండు భయాలూ ఒకే చోట కలిశాయి. 11 ఏళ్ళ సర్వీసు చేసి ఆర్మీ వదిలేసిన ఒక మాజీ మేజర్ 2020లో తన పేరుతోనే తన కథ రాశాడు. దాని స్ఫూర్తితో దర్శకుడు ఓనిర్ ఒక సినిమా కథ రాసుకుంటే, 2022లో రక్షణ శాఖ దానికి అనుమతి ఇవ్వలేదు. కథగా చెప్పడానికే ఒప్పుకోనివాళ్ళు చట్టంగా మార్చడానికి ఎప్పుడు కూర్చుంటారు? కోర్టుల వైపు చూద్దామన్నా కష్టమే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు, అక్రమ సంబంధాలు నేరం కాదని తానిచ్చిన 2018 తీర్పు సైనిక చట్టాలకు వర్తించదని చెప్పింది. అది వేరే విషయమే, కానీ గాలి ఎటు వీస్తుందో తెలుస్తుంది. అదే ఏడాది అక్టోబరు 17న స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమని కూడా చెప్పింది. అంటే రేపు ఒక గే జవాన్ సరిహద్దులో చనిపోతే, పదేళ్ళు కలిసి బతికిన మనిషికి ఫ్యామిలీ పెన్షన్ రాదు, మడిచిన జెండా కూడా చేతికి రాదు.

కాబట్టి మార్చాల్సింది పార్లమెంటే. మీ కాలేజీలో డిబేట్ పెడితే నన్ను పిలువు, వస్తాను. హుజూరాబాద్ హవల్దార్ సాబ్‌ను కూడా పిలువు. ఆయన లేకుండా ఆ చర్చ ఒంటికాలి మీద నడుస్తుంది.

*

ప్రశ్న: ట్రాన్స్‌జెండర్ వాళ్ళు ఆర్మీలో చేరవచ్చా?
(జనగామ)

జవాబు: ఇప్పటికి దారి లేదు. మన పక్క విశాఖపట్నంలోనే 2017లో నేవీ ఒక నావికురాలిని తీసేసింది. మగవాడిగా చేరి, సెలవులో ఆపరేషన్ చేయించుకున్నందుకు. నిబంధనలు ఒప్పుకోవన్నారు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్ష కూడదంటుంది, సైన్యం తలుపు ఇంకా తెరుచుకోలేదు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో వీళ్ళను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మీరు ఉద్యోగం కోసమే చూస్తుంటే అటు ప్రయత్నించండి.

*

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట. నా కొడుకు ఆర్మీలో చేరి ఎనిమిదేండ్లయింది. 27 నడుస్తున్నయి. ఛుట్టీకి వచ్చినప్పుడల్లా పెండ్లి ముచ్చట తీస్తే లేచిపోతడు. మొన్న వాని చెల్లెకు చెప్పిండట, నాకు ఆడోళ్ళ మీద ఆ ధ్యాస లేదు, నేను వేరే అని. ఆ పిల్ల ఏడుసుకుంట నాకు చెప్పింది. మా ఆయనకు తెల్వదు. ఫౌజుల ఉండి ఇట్లయిండా? డాక్టర్‌కు చూపిస్తే పోతదా? పెండ్లి చేస్తే సక్కగైతడని మా అక్క అంటది. ఎవలకన్న తెలిస్తే కొల్వు పోతదా?
(ఒక తల్లి, నర్సంపేట)

జవాబు: చెల్లే, ఫౌజులో ఉండి ఇట్లా కాలేదు. వాడు పుట్టింది అట్లానే. నువ్వు పెంచడంలో ఏ తప్పూ లేదు, ఆ దిగులు ఈ పూటతో వదిలెయ్.

డాక్టర్ దగ్గరికి తీసుకపోకు. మారుస్తానని ఎవరైనా డాక్టర్ డబ్బులు తీసుకుంటే అది తప్పుడు పనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మంత్రాలు, తాయెత్తులు అసలే వద్దు.

పెండ్లి చేస్తే సక్కగవుతాడన్నది మీ అక్క ప్రేమతోనే అన్నా, ఒకసారి ఆ వచ్చే ఆడపిల్ల గురించి ఆలోచించు. ఏడాదిలో పది నెలలు మొగుడు బార్డర్‌లో ఉంటాడు. వచ్చిన రెండు నెలలు ఆమె వైపు చూడడు. ఊరంతా ఆ పిల్లనే అంటుంది. నీకూ ఒక బిడ్డ ఉంది కదా. ఎంఐ రూంలో ఇట్లాంటి పెండ్లిళ్ళు చేసుకున్న జవాన్లు నిద్ర మాత్రల కోసం నా దగ్గరికి రావడం చూశాను. వాళ్ళ ఇండ్లలో భార్యలు ఏం మింగి బతికారో నాకు తెలియదు.

కొలువు సంగతి. పైన రాశాను, చట్టం ఇప్పుడు వాడి పక్షాన లేదు. ఎనిమిదేళ్ళయింది, పెన్షన్‌కు ఇంకో ఏడేళ్ళు కావాలి. కాబట్టి ఈ ముచ్చట నీ దగ్గర, నీ బిడ్డ దగ్గరే ఉండాలి. మీ అక్కకు వద్దు. ఫోన్‌లో కూడా వద్దు, బారక్‌లో పక్క మంచం మీద చెవులుంటాయి. ఇంటాయనకు వాడు చెబుతానంటేనే, వాడి ముందరే చెప్పాలి.

వాడు ముందు చెల్లెకు చెప్పాడంటే మీ ఇంటి మీద వాడికి ఇంకా నమ్మకం ఉంది. నేను చూసిన ఆ నాయక్‌కు ట్రంకు పెట్టె తప్ప వేరే చోటు దొరకలేదు.

ఈసారి వాడు ఛుట్టీకి వచ్చినప్పుడు సంబంధాల ఫోటోలు బయటికి తీయకు. వాడికి ఇష్టమైన కూర వండి, తిన్నాక, నీ చెల్లె నాకు చెప్పింది బిడ్డా అని ఒక్క మాట అను. అంతకన్నా ఎక్కువ ఆ రాత్రి ఏమీ అడగకు. వాడు లేచి బయటికి పోతే పోనీ, తలుపు గడియ పెట్టకుండా కూర్చో. మీ ఆయనకు చెప్పడానికి ఎవరైనా పెద్దమనిషి పక్కన ఉంటే బాగుంటుందని వాడికి అనిపిస్తే, ఛుట్టీ తేదీలు ఈ పత్రిక అడ్రసుకు రాయండి. హనుమకొండ నుంచి నర్సంపేట బస్సు ఎంతసేపు, నేనే వస్తాను.